నొప్పి తగ్గని పేషెంట్ ముందు కూర్చోవడం ఎవరు నేర్పాలి?

ఫిజియోథెరపీ పిల్లలను పోస్టింగుల్లో చూసుకునే సీనియర్లలో చాలామంది, సెషన్ ముగించుకుని విద్యార్థి బయటికి రాగానే అడిగే మొదటి ప్రశ్న "నొప్పి ఎంత తగ్గింది?" అని. సున్నా నుంచి పది దాకా ఉండే నొప్పి స్కేలు మీద ఏడు నుంచి నాలుగుకు వచ్చిందంటే ఆ పిల్లల మొహం వెలిగిపోతుంది. ఏడు ఏడుగానే ఉందంటే తల దించుకుంటారు. అడిగినవాళ్లకు అది మామూలు ప్రశ్నే. కానీ నొప్పి శాస్త్రం గురించి క్లాసులో ఎంత బాగా చెప్పినా, ఓపీడీలో అడిగే ఆ ఒక్క ప్రశ్న దాన్నంతా తుడిచిపెట్టేస్తుందని నా గట్టి నమ్మకం.

ఎందుకో చెప్పాలంటే ముందు ఆ విద్యార్థి ఏం చదువుకుని మన దగ్గరికి వచ్చారో చూడాలి. మొదట అనాటమీ. ఏ కండరం ఎక్కడ మొదలవుతుంది, ఏ నరం ఎటు పోతుంది. తర్వాత బయోమెకానిక్స్. ఆ తర్వాత ఆర్థోపెడిక్ టెస్టులు: ఇది పాజిటివ్ వస్తే ఫలానా లిగమెంట్, అది పాజిటివ్ వస్తే ఫలానా టెండన్. ఏళ్ల తరబడి ఇలా చదివేసరికి వాళ్ల మనసులో ఒకటి గట్టిగా నాటుకుంటుంది. ప్రతి నొప్పికీ ఒంట్లో ఎక్కడో ఒక దోషి ఉంటుంది, దాన్ని పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే అని. చీలమండ బెణికినవాళ్ల దగ్గర, మోకాలి ఆపరేషన్ అయి వచ్చినవాళ్ల దగ్గర ఈ నమ్మకం బాగానే నడుస్తుంది కూడా. అందుకే అది అంత తేలిగ్గా వదలదు. ఏళ్ల నాటి నడుంనొప్పితో, చంకలో రెండు ఫైళ్లు పెట్టుకుని ఒక మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్న రోజున మాత్రం దారి మూసుకుపోతుంది.

ఈ ఆలోచన చాలా పాతది. ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ చనిపోయాక 1664లో ఫ్రెంచ్‌లో అచ్చయిన ఆయన రచనలో ఒక బొమ్మ ఉంది: నిప్పు దగ్గర కాలు పెట్టిన మనిషి, ఆ కాలి నుంచి మెదడు దాకా సాగిన ఒక తీగ. కింద లాగితే పైన గంట మోగుతుంది, అంతే. మూడు వందల ఏళ్ల తర్వాత, 1965లో నొప్పి పరిశోధకులు మెల్జాక్, వాల్ కలిసి 'సైన్స్' పత్రికలో గేట్ కంట్రోల్ సిద్ధాంతం రాశారు. కింది నుంచి వచ్చే సంకేతం వెన్నుపాములోనే పెరగొచ్చు, తగ్గొచ్చు, మెదడు పైనుంచి దాన్ని మార్చగలదు అన్నారు. రెండేళ్లకు, 1967లో, వాల్, స్వీట్ చర్మం మీంచి కరెంటు ఇచ్చి నొప్పి తగ్గించిన ప్రయోగం ప్రచురించారు. మన పిల్లలు రోజూ ప్యాడ్లు అతికించే టెన్స్ మెషిన్ ఈ దారిలో వచ్చిందే. 1983లో వుల్ఫ్ అనే పరిశోధకుడు, గాయం తర్వాత వెన్నుపాములోని నరకణాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయని చూపించాడు. 1979లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించారు. నొప్పి అంటే ఇంద్రియాలకూ మనసుకూ కలిగే ఒక అప్రియమైన అనుభవం. అది కణజాలం నిజంగా దెబ్బతిన్నప్పుడు రావచ్చు, దెబ్బతినే ప్రమాదం ఉన్నప్పుడు రావచ్చు, అలాంటి అనుభవాన్ని పోలి కూడా ఉండొచ్చు. దాని కింద ఆరు వివరణలు చేర్చారు. వాటిలో ఒకటి: తనకు నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలి.

వైవాలో ఇదంతా అడగండి, పిల్లలు గడగడా చెప్పేస్తారు. అదే పిల్లలు పది నిమిషాల తర్వాత ఓపీడీలోకి వెళ్లి ఎమ్మారై రిపోర్ట్ అందుకోగానే మళ్లీ డెకార్ట్ తీగ పట్టుకుంటారు. కాబట్టి ఇంకో రెండు గంటల లెక్చర్ పెడితే సరిపోతుందనే మాటను నేను ఒప్పుకోను. వాళ్లకు విషయం తెలుసు. పేషెంట్ ముందు కూర్చున్నప్పుడు దాని మీద నిలబడే ధైర్యం లేదు.

క్లాసులో అందరూ వాడే ఒక ఉదాహరణ సంగతి కాస్త ఎక్కువ చెబుతాను. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన చిన్న కేసు. 29 ఏళ్ల భవన కార్మికుడు పైనుంచి దూకి 15 సెంటీమీటర్ల మేకు మీద పడ్డాడు. మేకు బూటులోంచి పైకి పొడుచుకొచ్చింది. కాస్త కదిపినా భరించలేని నొప్పి. ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు, మత్తు ఇచ్చి మేకును బయటికి లాగారు. బూటు విప్పి చూస్తే మేకు కాలివేళ్ల మధ్య నుంచి దూరిపోయింది, పాదానికి గీత కూడా పడలేదు.

ఇది చెప్పగానే క్లాసంతా నవ్వుతుంది. నేను ఆ నవ్వు దగ్గరే ఆగిపోతాను.

"అతనికి నొప్పి పుట్టిందా?"

"పుట్టిందనుకున్నాడు మేడమ్."

"పుట్టిందనుకున్నాడా, పుట్టిందా?"

ఇక్కడ ఒక నిమిషం ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్ని నేను చెడగొట్టను. తర్వాత దాని పక్కన ఇంకో ఉదాహరణ పెడతాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైన్యంతో పనిచేసిన డాక్టర్ బీచర్, తీవ్రంగా గాయపడిన సైనికులను నొప్పి మందు కావాలా అని అడిగి, ఆ వివరాలను 1946లో ప్రచురించాడు. సుమారు నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. ఒకచోట గాయం లేదు, నొప్పి ఉంది. ఇంకోచోట పెద్ద గాయం ఉంది, నొప్పి అంతగా లేదు. పిల్లలను గమనిస్తే, ఆ సైనికుల మీద వాళ్లకు వెంటనే గౌరవం పుడుతుంది, మేకు మీద పడినవాడి మీద జాలితో కూడిన చులకన. ఇద్దరి నాడీవ్యవస్థా అప్పటి పరిస్థితిని బట్టి చేయాల్సిన పనే చేసింది. అయినా మనం ఒకరికి ధైర్యం, ఇంకొకరికి పిరికితనం అంటగట్టేశాం.

ఈ మార్కులు వేసే అలవాటే తర్వాత ఓపీడీలోకి నడిచొస్తుంది. "ఈవిడకు ఓర్పు లేదు మేడమ్." "ఆయనకు సెలవు సర్టిఫికెట్ కావాలంతే." "టెస్టులన్నీ నార్మల్, మరి ఎందుకింత అరుస్తారో." నమ్మకపోవడానికి ఎవరిని ఎంచుకుంటామనేది కూడా యాదృచ్ఛికం కాదు. అమెరికాలో 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తెల్లజాతి వైద్య విద్యార్థుల్లో, జూనియర్ డాక్టర్లలో దాదాపు సగం మంది నల్లజాతివాళ్ల శరీరం గురించి, వాళ్ల చర్మం మందంగా ఉంటుందన్న లాంటి, తప్పుడు నమ్మకాలను ఏదో మేరకు ఒప్పుకున్నారు. అలా నమ్మినవాళ్లు నల్లజాతి పేషెంట్ నొప్పిని తక్కువగా అంచనా వేశారు. వాళ్లు చదువురానివాళ్లు కారు. ఎవరి నొప్పిని నమ్మాలి అన్నది కూడా మనం నేర్పాల్సిన పాఠమేనని నేను అనడానికి ఇదే కారణం. అది సిలబస్‌లో ఏ యూనిట్‌లోనూ ఉండదు.

ఇప్పుడు రెండో రకం ఇబ్బంది. నొప్పి శాస్త్రం చదివి దానిమీద ఇష్టం పెంచుకున్న పిల్లలు.

చివరి ఏడాది అమ్మాయి ఒకరు, చాలా చురుకైన మనిషి, నా దగ్గర పోస్టింగులో ఉన్నప్పటి సంగతి. పేషెంట్ కుట్టుమిషన్ మీద బతికే ఒకావిడ. ఏళ్లుగా నడుంనొప్పి. రిపోర్టులో రెండుచోట్ల డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త ఉబ్బడం) అని రాసి ఉంది. ఆ అమ్మాయి పరీక్షంతా శుభ్రంగా చేసింది. కాలు లేపించి చూసింది, రిఫ్లెక్సులు, స్పర్శ, కండర బలం అన్నీ చూసింది. అన్నీ బాగున్నాయి. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని మొదలుపెట్టింది: "అమ్మా, నొప్పి నడుంలో తయారు కాదు. మెదడు తయారుచేస్తుంది. మీ నాడీవ్యవస్థ సున్నితమైపోయింది." చెప్పింది తప్పేం కాదు. బాగా చెప్పింది కూడా. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "అంటే నాకు నొప్పి లేదంటావా అమ్మా?" అంది.

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను కల్పించుకోలేదు. కాసేపటికి తనే, "లేదమ్మా, ఉంది. నేను సరిగ్గా చెప్పలేదు. రిపోర్ట్ చూసినప్పుడు మీకేమన్నారు?" అని అడిగింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. వంగితే డిస్క్ జారిపోతుందని ఎవరో చెప్పారట. అప్పటి నుంచి వంగడం మానేసింది. పెద్ద పనులు ఒప్పుకోవడం మానేసింది. మిషన్ మీద కూర్చుంటే, పెడల్ తొక్కే ముందు ప్రతిసారీ పొట్ట బిగించి ఊపిరి ఆపుతుంది. ఈ ఆఖరి మాట ఆవిడ చెప్పలేదు. "మిషన్ దగ్గర ఎలా కూర్చుంటారో ఒకసారి చూపించండి" అని కుర్చీ వేసి అడిగితే, ఆ అమ్మాయే కనిపెట్టింది. కాలు కదలకముందే భుజాలు పైకి లేచాయి, దవడ బిగిసింది, ఊపిరి ఆగింది. రోజంతా అలా బిగబట్టుకుని పనిచేస్తే ఎవరి నడుమైనా ఏమంటుంది? అక్కడి నుంచి వాళ్లిద్దరికీ చేయడానికి పని దొరికింది. ఊపిరి వదులుతూ పెడల్ తొక్కడం, ఒళ్లు బిగించకుండా కుర్చీలోంచి ముందుకు వంగి కిందున్న బట్ట అందుకోవడం.

ఆ అమ్మాయి చెప్పిన శాస్త్రమూ, తర్వాత చేసిన పనీ ఒకే పుస్తకంలోంచి వచ్చినవే. మొదటిది పేషెంట్‌ను తన కథలోంచి బయటికి నెట్టింది. రెండోది ఆవిడ కథలోకే వెళ్లి అక్కడ పని మొదలుపెట్టింది. ఈ తేడాను స్లయిడ్ వేసి నేర్పలేం. పక్కనే కూర్చుని, మాట్లాడాలనిపించినా నోరు మూసుకుని, విద్యార్థి తనంతట తను దారి మార్చుకునే దాకా ఆగాలి.

రిపోర్టుల సంగతికి వస్తే, పిల్లల చేతికి ముందు ఇవ్వాల్సినవి కొన్ని అంకెలు. ఏ నొప్పీ లేనివాళ్ల వెన్నెముక స్కాన్లను పరిశీలించిన 33 అధ్యయనాలను, మొత్తం 3,110 మందివి, 2015లో ఒకచోట కూర్చారు. 20 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. డిస్క్ బల్జ్ 20 ఏళ్లకే 30 శాతం మందిలో, 80కి 84 శాతం మందిలో. మళ్లీ చెబుతున్నాను, వీళ్లెవరికీ నడుంనొప్పి లేదు. ఈ అంకెలు విద్యార్థి భయం పోగొట్టడానికి పనికొస్తాయి. పేషెంట్ మొహాన విసరడానికి కాదు. "మీ వయసువాళ్లలో చాలామందికి ఇలాగే ఉంటుందమ్మా" అని తేలిగ్గా తీసేస్తే, "మరి వాళ్లకు లేని నొప్పి నాకెందుకు?" అని అడుగుతారు, అడగాలి కూడా. దానికి విద్యార్థి దగ్గర జవాబుండాలి. నిద్ర, పనిభారం, ఇంట్లో జరిగిన ఒక చావు, వంగకుండా గడిపిన నెలలు, నడుం మీద పోయిన నమ్మకం. ఇవన్నీ కేస్ షీట్‌లో ఇరుకు గళ్లలో పడి ఉంటాయి, ఎవరూ నింపరు.

మన నోటిమాట ఎంత దూరం పోతుందో కూడా వాళ్లకు చూపించాలి. 2010లో వచ్చిన ఒక ప్రయోగంలో, కాన్పుకు ముందు వెన్నులో మత్తు ఇచ్చేటప్పుడు, చర్మం మొద్దుబారడానికి వేసే చిన్న ఇంజెక్షన్‌కు ముందు కొందరితో "ఇప్పుడు పెద్ద తేనెటీగ కుట్టినట్టుంటుంది, అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే" అన్నారు. మిగతావాళ్లతో "ఆ చోటు మొద్దుబారేలా మందు ఇస్తున్నాం, మీకు హాయిగా ఉంటుంది" అన్నారు. సూది అదే, మందు అదే. మొదటి మాట విన్నవాళ్లకు ఎక్కువ నొప్పి పుట్టింది. న్యూజిలాండ్‌లో 2013లో నడుంనొప్పి ఉన్నవాళ్లతో మాట్లాడి చేసిన పరిశోధనలో, వైద్యులూ ఫిజియోలూ ఎప్పుడో అన్న మాటలు ఏళ్ల తరబడి వాళ్ల మనసులో ఉండిపోయి, వాళ్ల కదలికలను శాసిస్తున్నాయని తేలింది. "మీ నడుం ఎనభై ఏళ్ల మనిషి నడుంలా ఉంది" లాంటి మాట ఓపీడీలో ఎంత సులువుగా దొర్లుతుందో వినేవాళ్లకు తెలుసు. అన్నవాళ్లు మధ్యాహ్నానికి మర్చిపోతారు.

అలాగని మంచి మాటలే మందు అనుకోకూడదు. 2019లో ప్రచురించిన ఒక పరీక్షలో, కొత్తగా నడుంనొప్పి వచ్చిన 202 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి గంటసేపు చొప్పున రెండుసార్లు నొప్పి శాస్త్రం బోధించారు. ఇంకో భాగంతో అంతే సేపు గడిపి, చెప్పుకున్నది విన్నారు గానీ సలహా గానీ పాఠం గానీ ఇవ్వలేదు. మూడు నెలల తర్వాత నొప్పిలో తేడా లేదు. ఈ ఫలితాన్ని నేను ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను, ముఖ్యంగా నొప్పి శాస్త్రమంటే పడిచచ్చేవాళ్లకు. ఆ తర్వాత 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరీక్ష గురించి చెబుతాను. దీర్ఘకాలంగా నడుంనొప్పితో ఉన్న 492 మంది. అక్కడ ఫిజియోలు చేసింది ఉపన్యాసం కాదు. పేషెంట్ కథ విన్నారు, భయపడే కదలికను ఎదురుగా చేయించారు, వేరేలా చేసి చూపించారు, దాన్ని రోజువారీ పనుల్లోకి తీసుకెళ్లారు. మామూలు చికిత్స కన్నా పేషెంట్లు పనులు చేసుకోగలగడంలో పెద్ద తేడా వచ్చింది, ఏడాది గడిచినా నిలిచింది. ఆ ఫిజియోలకు ముందు నెలల తరబడి శిక్షణ ఇచ్చి, వాళ్ల పనిని గమనిస్తూ సరిదిద్దారు. పోస్టింగులో మనం చేయాల్సింది అదే పని.

"పేషెంట్లకు ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయి మేడమ్" అనే మాట కూడా తరచుగా వింటాను. 2003లో మోస్లీ అనే ఫిజియో పరిశోధకుడు దీన్నే పరీక్షించాడు. పేషెంట్లు నొప్పి గురించిన నాడీశాస్త్రాన్ని అర్థం చేసుకోగలిగారు. వాళ్లకు అంత అర్థం కాదని తక్కువ అంచనా వేసింది వైద్యవృత్తిలో ఉన్నవాళ్లు. ఇంతకు మించి దీనిమీద చెప్పాల్సింది లేదు.

ఇక ఆ మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. నొప్పి తగ్గకపోతే విద్యార్థి ఎలా మారిపోతారో పక్కనుంచి చూస్తే తెలుస్తుంది. చేతులు తొందరపడతాయి. ఐఎఫ్‌టీ అనే కరెంటు చికిత్స తీసేసి అల్ట్రాసౌండ్ పెడతారు. మర్నాడు టేపింగ్. మూడోరోజుకు ఎక్సర్‌సైజులన్నీ మార్చేస్తారు, పేషెంట్ ఇంకా పాతవే నేర్చుకుని ఉండరు. కొందరు చేతులకు బదులు నోటికి పని చెబుతారు, నిన్న చెప్పిన నొప్పి పాఠమే ఇవాళ ఇంకాస్త పొడుగ్గా. వారం తిరిగేసరికి కేస్ షీట్‌లో ఒక వాక్యం చేరుతుంది: "పేషెంట్ ఇంట్లో ఎక్సర్‌సైజులు సరిగా చేయడం లేదు." లేదంటే ఇంకో స్కాన్‌కు పంపుదామా అని అడుగుతారు. అతిగా చికిత్స, అతిగా వివరణ, నింద, ఇంకో స్కాన్. ఇవి నాలుగు వేర్వేరు తప్పుల్లా కనిపిస్తాయి. నాకు మాత్రం నాలుగింటికీ వేరు ఒకటే. ఎదుటి మనిషి నొప్పి తగ్గకపోతే ఆ విద్యార్థికి వచ్చే టెన్షన్. అది తట్టుకోలేక ఏదో ఒకటి చేసేస్తారు.

ఆ టెన్షన్ పుట్టించింది మనమే. "ఎంత తగ్గింది?" అని అడిగి, ఆ అంకెను వాళ్ల మార్కుగా మార్చింది మనమే. సాయం చేయాలనే ఈ చదువులోకి వచ్చిన పిల్లలకు, సాయం అంటే నొప్పి స్కేలు మీద అంకె తగ్గించడమేనని చెప్పకుండానే చెప్పేశాం. కానీ దీర్ఘకాలిక నడుంనొప్పికి మన దగ్గరున్న చికిత్సల్లో చాలావాటికి సగటున వచ్చే ఫలితం ఓ మోస్తరే. ప్రపంచంలో 2020 నాటికి నడుంనొప్పితో ఉన్నవాళ్లు సుమారు 61.9 కోట్ల మంది. వాళ్లందరి నొప్పినీ పదిహేను సిట్టింగుల్లో సున్నాకు తెచ్చే టెక్నిక్ ఎవరి దగ్గరా లేదు. ఈ నిజం చదువు పూర్తయ్యాక, ఉద్యోగంలో చేరాక, ఒంటరిగా తెలుసుకోవాల్సినది కాదు. పక్కన సీనియర్ ఉండగానే తెలియాలి.

నేను అడిగే ప్రశ్నలు మార్చుకున్నాను. ఈ వారం ఆవిడ ఏం చేయగలిగారు? ఏది చేయాలంటే భయపడుతున్నారు? నువ్వు చెప్పినదాన్ని ఆవిడ ఏమని అర్థం చేసుకున్నారు, ఆవిడ మాటల్లోనే చెప్పు. నొప్పి తగ్గలేదన్నప్పుడు నీకెలా అనిపించింది, వెంటనే ఏం చేయబుద్ధయింది? ఈ ఆఖరి ప్రశ్నకు మొదట్లో ఎవరూ సూటిగా జవాబివ్వరు. అది తమ పనితనం మీద ప్రశ్న అనుకుంటారు. కొన్నాళ్లకు, "మెషిన్ మార్చేద్దామనిపించింది మేడమ్, ఆగాను" అంటారు. ఆ "ఆగాను" కోసమే నేను ఇదంతా చేస్తున్నాను.

నొప్పిని పట్టించుకోవద్దంటున్నారా అని అడిగే తోటి ఉపాధ్యాయులున్నారు. అస్సలు కాదు. పేషెంట్ వచ్చిందే నొప్పి కోసం. రోజూ అడగాలి, రాయాలి, తగ్గించగలిగినంత తగ్గించాలి. ఆ అంకె పేషెంట్‌ది, విద్యార్థి ప్రోగ్రెస్ కార్డుది కాదు. నేననేది అంతవరకే.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది, దాన్ని నేను చాలా సీరియస్‌గా తీసుకుంటాను. నొప్పి అంటే మెదడు, భయం, నమ్మకాలు అని తలకెక్కించుకున్న విద్యార్థి అసలు జబ్బును వదిలేస్తే? ఈ ప్రమాదం ఉంది. తొడల మధ్య, మలద్వారం చుట్టూ తిమ్మిరి, మూత్రం రాకపోవడమో తెలియకుండా పోవడమో, రెండు కాళ్లలోనూ బలం తగ్గడం. ఇవి వెన్నెముక అడుగునున్న నరాల గుత్తి నొక్కుకుపోయే కాడా ఎక్వైనా లక్షణాలు కావచ్చు. అక్కడ ఆలస్యం చేస్తే మనిషి జీవితాంతం అనుభవించాలి. గతంలో క్యాన్సర్, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, పెద్ద దెబ్బ, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడటం. ఇవన్నీ అడిగి, నరాల పరీక్ష పూర్తయ్యే దాకా నా పోస్టింగులో నాడీవ్యవస్థ సున్నితత్వం గురించి ఎవరూ నోరు విప్పకూడదు. మూత్రం గురించి అడగడానికి పిల్లలు సిగ్గుపడతారు. పక్కన నిలబడి, అలవాటయ్యే దాకా అడిగిస్తాను. పైగా, పూర్తిగా పరీక్షించి "మీ నరాలు బాగా పనిచేస్తున్నాయి" అని చెప్పడం ఏ పాఠానికన్నా ఎక్కువ ధైర్యం ఇస్తుంది. పైపైన చూసి "మీకేం లేదు" అంటే ఎవరూ నమ్మరు.

చేతులతో చేసే చికిత్స మీద కూడా నాకు వ్యతిరేకత లేదు. కొత్తగా నొప్పి శాస్త్రం చదివినవాళ్లు మొబిలైజేషన్ (చేత్తో కీలును కదిలించే చికిత్స) అంటేనే మొహం చిట్లించే ధోరణి ఒకటుంది, అది నాకు నచ్చదు. చేయి వేస్తే హాయిగా ఉండి, ఆ హాయిలో మనిషి కాస్త ఎక్కువ కదలగలిగితే అది మంచిదే. "మీ ఎముక పక్కకు జరిగింది, సరిచేశాను" అని చెప్పనంత కాలం.

వినడం ఎలా నేర్పాలన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు డాక్టర్ల సంభాషణలను రికార్డు చేసి చూస్తే, పేషెంట్ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడ్డాడు. మన పిల్లలు కూడా తక్కువేం కాదు, ఎందుకంటే వాళ్ల ముందు నింపాల్సిన ఫారం ఉంటుంది. మొదటి విజిట్‌లో ఫారం తీసేసుకుంటాను. పెన్ను కూడా. పేషెంట్ చెబుతుంటే విద్యార్థి అనగలిగేది "ఊఁ", "ఇంకా?", "తర్వాత?" మాత్రమే. ఆవిడ చెప్పడం ముగిశాక, విద్యార్థి ఆ కథంతా ఆవిడకే తిరిగి చెప్పాలి. పేషెంట్ తప్పులు దిద్దుతారు: "కాదు బాబూ, నొప్పి ముందు వచ్చింది, ఉద్యోగం తర్వాత పోయింది." ఈ దిద్దుబాటులో ఎంత సమాచారం ఉంటుందో! వరస మారితే అర్థమే మారిపోతుంది. రద్దీ ఓపీడీలో ఇంత టైమ్ ఎక్కడిదంటారు. అందరితో కుదరదు నిజమే. వారానికి ఒక్క పేషెంట్‌తో చేయించినా, మిగతావాళ్లను వినే తీరు మారుతుంది.

ఇంకొకటి. సీనియర్ విద్యార్థితో ఎలా ఉంటే విద్యార్థి పేషెంట్‌తో అలా ఉంటారు. పేషెంట్ ముందే "ఇది కూడా తెలియదా?" అని కసిరితే, ఆ విద్యార్థి మర్నాటి నుంచి తెలియనిదాన్ని దాచడం నేర్చుకుంటారు, పేషెంట్‌కేమో తనను చూస్తున్న మనిషి మీద నమ్మకం పోతుంది. రెండూ చికిత్సను దెబ్బతీస్తాయి. 2009లో అమెరికాలో ఒక పరిశోధన వైద్య విద్యార్థులను ఏటా గమనించి, వాళ్లలో సహానుభూతి బాగా తగ్గింది మూడో ఏడాదిలో అని చూపించింది. వాళ్లు పుస్తకాల్లోంచి పేషెంట్ల దగ్గరికి అడుగుపెట్టే ఏడాది అది. ఆ ఏడాదిలో పక్కనున్నది మనమే. దిద్దాల్సింది ఉంటే గది బయట దిద్దాలి. పేషెంట్ అడిగినదానికి ఖాయమైన జవాబు లేనప్పుడు, "కారణం ఇదీ అని కచ్చితంగా చెప్పలేనమ్మా, కానీ ప్రమాదకరమైనవి ఏవీ లేవని చూశాను, ఇక్కడి నుంచి ఏం చేద్దామో చెబుతాను" అని సీనియర్ నోటి నుంచే పిల్లలు వినాలి. ఆ వాక్యం అనడం ఏ మొబిలైజేషన్ గ్రేడ్ కన్నా కష్టం. ఎవరైనా అనగా వినకపోతే రాదు.

చివరికి అన్నీ పరీక్షల దగ్గరికే వస్తాయి, ఎందుకంటే పిల్లలు పరీక్షలో వచ్చేదే చదువుతారు. కెనడాలో 2009లో ప్రచురించిన ఒక సర్వేలో, పశువైద్య విద్యార్థులకు నొప్పి గురించి కేటాయించిన గంటలు వైద్య విద్యార్థులకు కేటాయించిన గంటల కన్నా ఎక్కువని తేలింది. ఫిజియోథెరపీ కోసం అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం పాఠ్యప్రణాళికే తయారుచేసి పెట్టింది. గంటలు పెంచడం మంచిదే. కానీ ప్రాక్టికల్ పరీక్షలో టేబుల్ మీద ఇప్పటికీ ఉండేది మోకాలు, భుజం, ఒక టెక్నిక్ పేరు. అక్కడ ఒక కుర్చీ వేసి పేషెంట్ పాత్ర చేసే మనిషిని కూర్చోబెట్టాలి. ఆవిడ రిపోర్ట్ చేతికిచ్చి, "నా డిస్క్ జారిందట కదా, ఇక వంగొచ్చా?" అని అడగాలి. విద్యార్థి ఏం అడుగుతారు, ఏం పరీక్షిస్తారు, ఏమంటారు, అన్నదానికి మార్కులుండాలి. ఇది కొలవలేం అనే ఎగ్జామినర్లకు నా సూచన ఒకటే. ఆ కుర్చీలో కూర్చున్న మనిషినే రెండు ప్రశ్నలు అడగండి. మీరు చెప్పాలనుకున్నది పూర్తిగా చెప్పనిచ్చారా? ఇంటికెళ్లాక ఏం చేయాలో మీకు తెలిసిందా? పది మార్కుల్లో నాలుగు ఆవిడ చేతికివ్వండి. దీనికి సిలబస్ కమిటీ అనుమతి కోసం ఏళ్లు ఆగక్కర్లేదు, వచ్చే ఇంటర్నల్ పరీక్షలోనే పెట్టొచ్చు.